మొరేలోస్‌లో ఒక పాట వెంట

సోమవారం, మెక్సికో సిటీ

మెక్సికో విప్లవ నాయకుల్లో పేరున్నవాళ్ళు చాలామందిది ఇప్పుడు ఒకే చిరునామా. నగరం మధ్యలో ఉన్న విప్లవ స్మారకం స్తంభాల్లో మదేరో, కర్రాన్సా, పాంచో వీయా, కాయెస్, కార్దెనాస్ అస్థికలు ఉన్నాయి. బతికున్న రోజుల్లో వీయాకీ కర్రాన్సాకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. కాయెస్‌ని కార్దెనాస్ ఏకంగా దేశం దాటించేశాడు. పోయాక అందరినీ ప్రభుత్వం ఒక కప్పు కిందికి చేర్చింది. ఆ కప్పుదీ ఒక కథే. నియంత పోర్ఫిరియో దియాస్ పార్లమెంటు భవనం కోసమని మొదలుపెట్టించిన కట్టడం అది. విప్లవం వచ్చి పని ఆగిపోయింది. మిగిలిన ఇనుప చట్రాన్ని 1930లలో 67 మీటర్ల ఎత్తు స్మారకంగా మార్చారు.

నాకు కావలసిన మనిషి మాత్రం ఇక్కడ లేడు. ఎమిలియానో సపాతా, దక్షిణాన భూమి కోసం తిరగబడ్డ రైతుల నాయకుడు. మన పత్రికల్లో జపాటా అని రాస్తుంటారు. 1979లో ఆయన అస్థికల్ని కూడా ఇక్కడికి తెద్దామని ప్రభుత్వం అనుకుంటే, ఆయన కుటుంబమూ మొరేలోస్ రాష్ట్రపు రైతులూ అడ్డం తిరిగారు. సపాతాను చంపించింది కర్రాన్సా ప్రభుత్వమే. చంపించినవాడి పక్కన పడుకోబెట్టడానికి వాళ్ళకు మనసొప్పలేదు.

నేను వచ్చింది ఒక పాట కోసం. సపాతా చావు మీద కట్టిన కొరిదో అది. కొరిదో అంటే మెక్సికోలో జరిగిన సంగతిని జరిగినట్టు చెప్పే కథాగేయం. నాలుగు పాదాల చరణాలు, పాదానికి ఎనిమిది అక్షరాల దాకా. గాయకుడు ముందు జనాన్ని పిలుస్తాడు. ఏ సంవత్సరం, ఏ ఊరు, ఎవరికి ఏం జరిగిందో చెబుతాడు. చివర్లో ఇక సెలవంటాడు. స్పెయిన్ నుంచి వచ్చిన పాత కథాగేయాల సంతానమే ఇది. చదువు రానివాళ్ళే ఎక్కువగా ఉన్న ఆ రోజుల్లో జనానికి పేపరూ ఇదే, రేడియో ఇదే. రాజధానిలో వానేగాస్ అర్రోయో అనే ఆయన ప్రెస్సులో ఇలాంటి పాటల్ని చవక కాగితాల మీద అచ్చేసి సంతల్లో అమ్మించేవాడు. పైన బొమ్మలు చెక్కింది పొసాదా. ఇప్పుడు ప్రపంచమంతా తెలిసిన ఆ నవ్వే పుర్రెల బొమ్మలు ఆయనవే.

సపాతా కొరిదో నాకు చాలాకాలంగా పరిచయం. మాటలు అర్థమయ్యాయి గానీ పాట ఎందుకు అలా ఉందో అంతుపట్టలేదు. దాదాపు ఎనిమిదేళ్ళు పోరాడిన మనిషి మీద పాట కడితే అందులో యుద్ధాలుండాలి కదా. ఇందులో అవి ఒకటి రెండు ముక్కల్లో అయిపోతాయి. ఫలానా ఊళ్ళ మధ్య దియాస్ సైనికుల్ని ఒక పట్టు పట్టాడని చెప్పేసి ముందుకు పోతుంది. మిగతాదాంట్లో ఎక్కువభాగం 1919 ఏప్రిల్‌లో జరిగిన ఒక మోసం, ఆ మోసం చేసినవాళ్ళ పేర్లు, ఆ తర్వాత పువ్వులతో, వాగుతో, పిచ్చుకతో మాటలు. వీరుడి పాటలో వీరత్వం ఇంత తక్కువేమిటి?

మధ్యాహ్నం టైల్స్ మేడగా పేరుపడ్డ పాత భవనంలో భోంచేశాను. 1914 డిసెంబరులో సపాతా సైన్యం నగరంలోకి వచ్చినప్పుడు, పెద్ద పెద్ద టోపీల రైతులు నగరంలోని ఒక ఫలహారశాల కౌంటర్ దగ్గర కూర్చుని ఫలహారం చేస్తున్న ఫోటో ఒకటుంది. ఆ ఫోటోలో వాళ్ళ ముఖాల్లో గెలిచిన పొగరు ఎక్కడా కనబడదు. తప్పుడు ఇంటికి భోజనానికి వచ్చామేమో అన్నట్టుంటారు. ఆ రోజుల్లోనే అధ్యక్షుడి కుర్చీలో వీయా నవ్వుతూ కూర్చున్నాడు. సపాతా పక్కన కూర్చుని కెమెరా వైపు గుర్రుగా చూశాడు.

మంగళవారం, క్వాట్లా దారి

దక్షిణపు బస్టాండ్ నుంచి క్వాట్లాకు బస్సు. మెక్సికో సిటీ 2,240 మీటర్ల ఎత్తులో ఉంటుంది, క్వాట్లా 1,300 దరిదాపుల్లో. అంటే ప్రయాణంలో ఎక్కువ భాగం దిగుడే. పొద్దున స్వెట్టర్ వేసుకుని ఎక్కాను, దిగేటప్పటికి చొక్కా వీపుకు అతుక్కుంది. మార్చి నెల. రాజధాని వీధుల్లో జకరండా చెట్లు ఊదారంగులో విరగబూసి ఉన్నాయి. ఇక్కడికొచ్చేసరికి చెరకు.

చెరకును ముందు తగలబెట్టి తర్వాత నరుకుతారు. ఆ మసి గాలికి లేచి ఊళ్ళ మీద పడుతుంది. హోటల్ మిద్దె మీద ఆరేసిన దుప్పట్ల మీద సన్నటి నల్ల పోగులు కనిపించాయి. వేలితో తుడిస్తే గీత పడుతుంది, దులిపితే పోతుంది. చీదరించుకుంటున్న నన్ను చూసి హోటలావిడ నవ్వింది. చెరకు కోతల కాలంలో ఇక్కడ ఉతికిన బట్ట తెల్లగా ఉండదట.

ఈ చెరకు తెలియకపోతే పాట తెలియదు. 1881లో క్వాట్లాకు రైలొచ్చింది. చక్కెర మార్కెట్ దగ్గరైంది. కొత్త యంత్రాలు పెట్టిన అసియెండా యజమానులకు, అంటే పెద్ద భూస్వాములకు, ఎంత చెరకైనా చాలలేదు. పక్కనున్న ఊళ్ళ పొలాలు, పచ్చిక, నీళ్ళు ఒక్కొక్కటే వాళ్ళ సరిహద్దుల్లోకి పోయాయి. ఊళ్ళకు స్పానిష్ పాలకులు ఎప్పుడో ఇచ్చిన పట్టాలున్నాయి. కోర్టులకు వెళ్ళారు, ఓడారు. కొన్ని ఊళ్ళు పూర్తిగా మాయమయ్యాయి.

తర్వాత వచ్చిన యుద్ధం మొరేలోస్‌ని పీల్చి పిప్పి చేసింది. 1910 జనాభా లెక్కల్లో ఈ రాష్ట్రంలో దాదాపు 1,80,000 మంది ఉంటే, 1921 నాటికి మిగిలింది సుమారు 1,03,000. చంపబడ్డవాళ్ళు, జబ్బులతో పోయినవాళ్ళు, పారిపోయినవాళ్ళు అందరూ ఆ తేడాలో ఉన్నారు. ప్రభుత్వ సైన్యాలు ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టాయి.

బుధవారం, క్వాట్లా

సపాతా ఉన్నది ఇక్కడే. చిన్న కూడలి, చెట్లు, కంచు విగ్రహం, దాని కింద అస్థికలు. 1932లో శ్మశానం నుంచి తీసుకొచ్చి ఇక్కడ పెట్టారు. విగ్రహం చుట్టూ ఉన్న బెంచీల మీద స్కూలు పిల్లలు చిప్స్ తింటున్నారు. ఒకడు గట్టెక్కి పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. కాపలా లేదు, టికెట్ లేదు. నాకు ఇది నచ్చింది.

1919 ఏప్రిల్ 10 రాత్రి శవాన్ని, చంపిన చోటు చినమేకా నుంచి, కంచరగాడిద మీద వేసి ఈ ఊరికే తెచ్చారు. ప్రభుత్వ సైన్యపు జనరల్ పాబ్లో గొన్సాలెస్ ఫోటోలు తీయించాడు. అందరూ చూసేలా పెట్టించాడు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వేలల్లో వచ్చి చూశారు. మీ నాయకుడు పోయాడు, ఇక ఇళ్ళకు పొండి అని చెప్పడమే ఉద్దేశం.

జనం చూశారు, ఇళ్ళకు వెళ్ళారు, ఇది ఆయన కాదన్నారు. చెంప మీద పుట్టుమచ్చ లేదన్నారు. సపాతాకు ఒక వేలు కొస తెగి ఉండేది, శవానికి వేళ్ళన్నీ ఉన్నాయన్నారు. ఆయన పోలికలున్న మిత్రుడొకడు ఆ రోజు ఆయన బదులు వెళ్ళాడన్నారు. అసలాయన అరేబియా వెళ్ళిపోయాడన్నారు. కొండల్లో గుర్రం మీద తిరుగుతుంటే చూశామన్నవాళ్ళూ ఉన్నారు. అల్లూరి సీతారామరాజు చనిపోలేదని మన్యంలో ఏళ్ళ తరబడి చెప్పుకున్న మాటలు వింటూ పెరిగినవాళ్ళకు ఇది కొత్తగా ఉండదు.

పాటలో ఈ రెండూ ఉన్నాయి, అదే దాని చిత్రం. ఒక చరణంలో వియ్యా అయాలా అనే ఊరి గంటలు అంత దుఃఖంగా ఎందుకు మోగుతున్నాయని గాయకుడు అడుగుతాడు. సపాతా చనిపోయాడు, అందుకని జవాబు. ఇంకో చోట వాగును నిలబెట్టి, ఆ పువ్వు నీతో ఏం చెప్పిందని అడుగుతాడు. నాయకుడు చావలేదు, తిరిగొస్తాడని చెప్పిందట. ఒకే పాట, రెండు మాటలు, రెంటికీ పొసగదు. మెక్సికో సిటీలో ఉన్నంతసేపూ దీన్ని కవి చమత్కారమనే అనుకున్నాను. అలా అనుకుంటే పాటను చిన్నచూపు చూసినట్టేనని ఇక్కడికి వచ్చాక అనిపిస్తోంది.

సాయంత్రం పాత రైల్వే స్టేషన్‌కి వెళ్ళాను. అక్కడ ఉంచిన ఆవిరి ఇంజన్ బాగుంది. 1812లో స్వాతంత్ర్య పోరాట కాలంలో ఈ ఊరిని స్పానిష్ సైన్యం ముట్టడించిన కథ కూడా ఊరంతా బోర్డుల మీద ఉంది. ఎండకు నాకు ఓపిక లేకపోయింది.

గురువారం, అనెనెక్విల్కో

క్వాట్లాకు దక్షిణంగా కాస్త దూరంలోనే ఉంది. పాసింజర్ వ్యాన్ ఎక్కితే టీ తాగేంత సేపట్లో దిగిపోవచ్చు. సపాతా 1879 ఆగస్టు 8న పుట్టిన ఇల్లు మట్టి ఇటుకల మొండి గోడలుగా మిగిలింది. వానకు కరిగిపోకుండా పైన ఎత్తుగా కప్పు వేశారు. గోడ దగ్గరికి వెళ్ళి చూస్తే ఇటుకల్లో గడ్డిపోచలు, చిన్న గులకరాళ్ళు కనిపిస్తాయి. పక్కనే మ్యూజియం, గోడంతా పరుచుకున్న పెద్ద చిత్రం.

గుర్రాల విషయంలో సపాతా మొనగాడు. సొంత పొలం, పశువులు ఉన్నవాడు. తిండికి లేక తిరగబడ్డ మనిషి కాదు. 1909 సెప్టెంబరులో ఊరి పెద్దలు వయసైపోయిందని తప్పుకుంటే, ఊరు సమావేశమై ముప్ఫై ఏళ్ళ సపాతాను సంఘానికి పెద్దగా ఎన్నుకుంది. ఎన్నికతో పాటు ఆయన చేతికి ఒక పెట్టె వచ్చింది. అందులో ఊరి పట్టాలు, పటాలు. తరతరాలుగా దాచుకొస్తున్నవి. కొన్ని అక్కడి ఆదివాసుల నావాత్ల్ భాషలో ఉన్నాయి. సపాతా చేసిన మొదటి పని తుపాకీ పట్టడం కాదు, ఈ కాగితాలు చదివించుకోవడం.

మరుసటి ఏడాది వానలు మొదలయ్యాయి, విత్తనాల వేళ దాటిపోతోంది. ఓస్పితాల్ అనే అసియెండా ఈ ఊరి పొలాలు ఆక్రమించి పక్క ఊరివాళ్ళకు కౌలుకిచ్చింది. మేమెక్కడ సాగు చేసుకోవాలని అడిగితే, కావాలంటే పూలకుండీలో వేసుకోండని అక్కడి మేనేజరు అన్నాడని ప్రసిద్ధి. సపాతా ఎనభై మందిని ఆయుధాలతో వెంటబెట్టుకుని వెళ్ళి ఆ పొలాల్ని ఊరివాళ్ళకు పంచాడు. దేశంలో విప్లవం ఇంకా మొదలవలేదు అప్పటికి. 1911 నవంబరులో సపాతా ప్రకటించిన అయాలా ప్రణాళిక ఈ ఎనభై మంది పనికి రాతరూపం. ఏ ఊరి దగ్గర పట్టా ఉందో ఆ ఊరు తన భూమిని వెంటనే స్వాధీనం చేసుకోవచ్చు, కాదనేవాళ్ళు తర్వాత కోర్టుకొచ్చి నిరూపించుకోవాలి అంది అది. అప్పటిదాకా ఊరు నిరూపించుకునేది, భూస్వామి అనుభవించేవాడు.

యుద్ధం మొదలయ్యాక సపాతా ఆ పెట్టెను ఫ్రాన్సిస్కో ఫ్రాంకో అనే నమ్మకస్తుడికి అప్పగించాడు. సైన్యాలు ఊళ్ళు కాలుస్తుంటే ఫ్రాంకో దాన్ని దాచాడు. సపాతా పోయాక కూడా ఊరి భూమి కోసం ఆ కాగితాలతోనే పోరాడాడు. 1947లో ఆయన్నీ చంపేశారు.

మ్యూజియం బయట చెట్టు కింద కూర్చుని మళ్ళీ పాట విన్నాను. ఈసారి చెవిన పడ్డది దుఃఖం కాదు. నెల, సంవత్సరం. ఊరు పేరు. ఎవరు ఆజ్ఞ ఇచ్చారు, ఎవరు అమలు చేశారు. పట్టాలో సరిహద్దులు రాసినట్టు రాసిపెట్టారు. కాగితాన్ని కాల్చవచ్చు, ఎత్తుకుపోవచ్చు, కోర్టులో చెల్లదనవచ్చు. అది తెలిసిన ఊళ్ళు జరిగిన దాన్ని ఇంకో చోట కూడా దాచుకున్నాయి.

శుక్రవారం, తెపాల్సింగో జాతర

ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాస కాలంలో ప్రతి శుక్రవారం ఈ ప్రాంతంలో ఒక్కో ఊళ్ళో జాతర. మూడో శుక్రవారం తెపాల్సింగోది. యాత్ర తేదీలు దీన్ని బట్టే పెట్టుకున్నాను. మూడుసార్లు తూలిపడ్డ ఏసు స్వామికి మొక్కులు తీర్చుకోడానికి గెరేరో, పుయెబ్లా రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు. చర్చి ముఖద్వారం మీద రాతిలో చెక్కని చోటు లేదు. అది చూస్తూ నిలబడదామంటే వెనకనుంచి తోస్తున్నారు.

జాతర మామూలే. మట్టి కుండలు, సొరకాయ బుర్రలు, ఒలినాలా నుంచి తెచ్చిన లక్క పెట్టెలు. మూత తీస్తే మంచి వాసన. పెద్ద గాజు జాడీల్లో ఎర్రటి హమాయికా నీళ్ళు. ఇది మన ఎర్ర గోంగూరే. మనం ఆకు తింటాం, వీళ్ళు కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకుల్ని ఎండబెట్టి మరిగించి పంచదార వేసుకుని తాగుతారు. పులుపు నాలుకకు తగలగానే తెలిసిపోతుంది.

కొరిదో పాడేవాళ్ళు చర్చికి కాస్త ఎడంగా ఒక నీడలో ఉన్నారు. ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరి చేతిలో బాహో కీంతో. గిటార్ కంటే పెద్దది, జంటలు జంటలుగా తీగలు, లోతైన మోత. యూట్యూబ్‌లో మనం చూసే బూట్లు, బంగారు గుండీలు, బాకాలు ఏమీ లేవు. గాయకుడు కర్రలా నిలబడి, ఎవరివైపూ చూడకుండా, గొంతు పైకెత్తి పాడుకుంటూ పోయాడు. ఏడ్చే చోట ఏడవలేదు, కోపం వచ్చే చోట చెయ్యి ఊపలేదు. కోర్టులో సాక్ష్యం చెబుతున్న మనిషిలా ఉన్నాడు. చుట్టూ ఇరవై మంది దాకా నిలబడి విన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక ముసలాయన మాత్రం చివరి పాదాన్ని పెదాలతో అంటున్నాడు.

ఉత్తరాన వీయా ప్రాంతంలో వినబడే కొరిదో వేరు, ఈ దక్షిణపు పద్ధతి వేరు. దీన్ని ఇక్కడ బోలా అంటారు. పన్నెండు అక్షరాల పాదం, ఎనిమిది అక్షరాల పాదం మార్చి మార్చి వస్తాయి. దీనికి పెద్ద పేరు మార్సియానో సిల్వాది. సపాతా సైన్యంతోనే తిరుగుతూ యుద్ధాల మీద, తగలబడ్డ ఊళ్ళ మీద, చివరికి నాయకుడి చావు మీద పాటలు కట్టాడు. రాజధాని పేపర్లు అప్పుడు సపాతాను బందిపోటు అని, ఊళ్ళు నాశనం చేసిన హూణ రాజు పేరు పెట్టి దక్షిణపు అత్తిలా అని రాసేవి. వాటికి ఈ వైపు నుంచి జవాబిచ్చింది సిల్వా లాంటివాళ్ళే.

పాట అయ్యాక నా వచ్చీరాని స్పానిష్‌లో గాయకుణ్ణి అడిగాను. వందేళ్ళు దాటింది కదా, ఇంకా ఆ సైనికాధికారి పేరు ఎందుకు చెబుతారని. ఆయన వింతగా చూశాడు. పేరు తీసేస్తే చంపిందెవరో ఎలా తెలుస్తుందన్నాడు. నేను తర్వాతి ప్రశ్న కూడబలుక్కునేలోపు ఇంకో పాట ఎత్తుకున్నాడు.

ఆ అధికారి, కర్నల్ హెసుస్ గ్వహార్దో, సపాతాను ముఖాముఖి కలిసింది కూడా ఈ తెపాల్సింగో దగ్గర్లోనే, పాస్తోర్ రైల్వే స్టేషన్లో, 1919 ఏప్రిల్ 9న. ఆస్ దె ఓరోస్ అనే గుర్రాన్ని బహుమతిగా ఇచ్చాడు. గుర్రాల పిచ్చి ఉన్న మనిషికి గుర్రమే ఇచ్చాడు చూడండి. రాత్రి భోజనానికి ఉండమని సపాతా అంటే, కడుపులో నొప్పిగా ఉందని చెప్పి చినమేకాకు వెళ్ళిపోయాడంటారు.

శనివారం, చినమేకా

ఊరి పేరు వింటే మనకు నవ్వొస్తుంది, ఆ గేటు ముందు నిలబడ్డాక రాదు. క్వాట్లాలో మాట్లాడుకున్న కారు పెద్దాయన పొద్దున్నే తీసుకొచ్చాడు. పాత అసియెండా శిథిలాలు, వంపు తిరిగిన ద్వారం, గోడల్లో తూటా గుంటలు. ఒక గుంటలో నా బొటనవేలు సగం దాకా దూరింది. ముందు గుర్రం మీద సపాతా విగ్రహం.

జరిగింది ఇది. తాగి పట్టుబడి శిక్షకు గురైన గ్వహార్దో తన జనరల్ గొన్సాలెస్ మీద కోపంగా ఉన్నాడని సపాతాకు తెలిసింది. మా వైపు రా అని ఉత్తరం రాశాడు. అది గొన్సాలెస్ చేతికి చిక్కింది. గొన్సాలెస్ దాన్ని గ్వహార్దో ముఖాన పెట్టి, ద్రోహివి అవుతావా లేక ఈ పని చేసి పెడతావా అన్నాడు. గ్వహార్దో పార్టీ మారినట్టు నటించడం మొదలుపెట్టాడు. నమ్మకం కలిగించడానికి హోనాకతెపెక్ ఊరు పట్టుకున్నాడు. అంతకుముందు సపాతాను వదిలి ప్రభుత్వంలో చేరిన బార్సెనాస్ మనుషులు యాభై మందికి పైగా అతని చేతికి చిక్కితే, సపాతా కోరిక మీద వాళ్ళను కాల్పించాడు.

ఏప్రిల్ 10 మధ్యాహ్నం సపాతా తన మనుషుల్ని బయటే ఉంచి, పదిమందితో ఈ ద్వారం వైపు వచ్చాడు. లోపల సైనికులు వరసకట్టి గౌరవ వందనానికి సిద్ధంగా ఉన్నారు. బాకా మూడుసార్లు మోగింది. మూడో మోత ఆగడంతోనే, వందనం చెయ్యడానికి ఎత్తిన తుపాకులు దగ్గర నుంచి పేలాయి. ఆయనకు పిస్తోలు తీసే సమయం కూడా చిక్కలేదు. కాస్త దూరంలో ఉన్న ఆయన కార్యదర్శి రాసిన నివేదికలో ఇదంతా ఉంది.

గేటు నీడలో నిలబడి పాటను మొదటి నుంచి చివరిదాకా వరసగా గుర్తు చేసుకున్నాను. మెక్సికో సిటీలో వేధించిన ప్రశ్న ఇక్కడ విడిపోయింది. యుద్ధంలో పడిపోయి ఉంటే పాటలో యుద్ధం ఉండేది. యుద్ధంలో చావడం రైతు సైనికుడికి కొత్త కాదు, దానికి ఫిర్యాదు లేదు. లొంగుబాటు నటించమని ఒకడు చెప్పడం, ఇంకొకడు నటించడం, వందనం చేసే చేత్తో కాల్చడం, ఇదీ వాళ్ళు మర్చిపోకూడదనుకున్నది. దీనికి కోర్టులో కేసు పడలేదు. పైగా గ్వహార్దోకు జనరల్‌గా ప్రమోషన్ వచ్చింది, 50,000 పెసోల బహుమానం వచ్చింది. ఎక్కడా నమోదు కాని నేరాన్ని పాట నమోదు చేసింది. నాయకుడు తిరిగొస్తాడన్న చరణం కూడా ఈ లెక్కలోదే. భూమి చేతికి రాలేదు, నేరస్థుడికి శిక్ష పడలేదు. కేసు మూసేశామని ఒప్పుకోవడం వాళ్ళకు ఇష్టం లేదు.

అయితే పాట వకీలు లాంటిది, ఒక వైపే మాట్లాడుతుంది. బార్సెనాస్ మనుషుల సంగతి అందులో లేదు. ఒక మనిషి నిజాయితీకి రుజువుగా యాభై శవాలు అడిగినవాడు, ఆ రుజువు చూసి నమ్మినవాడు మన వీరుడే. 1919 నాటికి ఆయన దగ్గర మనుషులు తగ్గిపోయారు, తూటాలు లేవు, గ్వహార్దో తెస్తానన్న ఆయుధాలు ప్రాణావసరం. అందుకే అన్ని హెచ్చరికలు వచ్చినా వెళ్ళాడు. ఇది కలిపితే సపాతా చిన్నవాడైపోడని నా నమ్మకం. కానీ ఈ చరణాన్ని ఎవరూ కట్టలేదు, కట్టినా జాతరలో ఎవరూ పాడించుకోరు.

కర్రాన్సా, గ్వహార్దోల తర్వాతి కథ త్వరగానే నడిచింది. మరుసటి ఏడాది మే నెలలో కర్రాన్సా పదవి పోయి, కొండల్లో పారిపోతూ హత్యకు గురయ్యాడు. ఆ వేసవిలోనే గ్వహార్దో తిరుగుబాటు చేసి పట్టుబడితే మోంతెరేలో కాల్చి చంపారు. ఆ తర్వాత ప్రభుత్వాలన్నీ సపాతాను సొంతం చేసుకున్నాయి. నోట్ల మీద ముఖం, వీధులకు పేరు, ఏటా ఏప్రిల్ 10న పూలదండలు. రైతు సంఘాల భూమి అమ్ముకోవడానికి దారి తీసిన 1992 రాజ్యాంగ సవరణ కూడా ఆయన పేరు తలుచుకుంటూనే జరిగింది. రెండేళ్ళకు చియాపాస్ అడవుల్లో ఆదివాసులు తుపాకులు పట్టి తమ సైన్యానికి పెట్టుకున్న పేరులోనూ ఆయనే ఉన్నాడు. 2019లో శతవర్ధంతికి అధ్యక్షుడు మొరేలోస్ వచ్చాడు గానీ, ఈ ప్రాంతంలో థర్మల్ విద్యుత్ కేంద్రం మీద జనం ఆగ్రహంగా ఉండడంతో సభను రాష్ట్ర రాజధాని క్వెర్నవాకాలో జరిపారు.

ఆదివారం, త్లాల్తిసపాన్

సపాతా ప్రధాన స్థావరం ఈ ఊళ్ళోనే ఉండేది. ఆ కట్టడం ఇప్పుడు మ్యూజియం. చర్చి ఆవరణలో తనకూ తన జనరల్స్‌కూ అని సపాతా ముందే కట్టించుకున్న సమాధి మందిరం ఉంది. ఆయన మనుషులు కొందరు అందులో ఉన్నారు, ఆయన లేడు. చినమేకా గ్వహార్దో ఇక్కడివాళ్ళకు అంతకుముందే తెలుసు. 1916లో అతని సైనికులు ఈ ఊళ్ళో ఆడా మగా తేడా లేకుండా వందమందికి పైగా చంపారు. మరి అలాంటివాణ్ణి సపాతా ఎలా నమ్మాడని అడిగితే కారు పెద్దాయన భుజాలెగరేశాడు. తూటాలు అయిపోయినవాడు ఎవరినైనా నమ్ముతాడన్నాడు.

మ్యూజియంలో మంచం, తుపాకీ, కొన్ని ఫోటోలు ఉన్నాయి. గాజు పెట్టెలో చనిపోయినప్పుడు వేసుకున్నవని చెప్పే బట్టలు. గుడ్డ గోధుమరంగుకు తిరిగింది. తూటా పోయిన చోట్ల పోగులు విడిపోయి ఉన్నాయి. రక్తపు మరక అంచు మాత్రం ముదురుగా, గీత గీసినట్టుంది.

కారు పెద్దాయన గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు. ఈ చొక్కా ఆయనకు సరిపోదు, భుజాల దగ్గర చిన్నది, ఇది ఆ పోలికల మిత్రుడిదే అయ్యుంటుందన్నాడు. మాతో పాటు చూస్తున్న ఇంకో సందర్శకుడు, అక్కడి ఊరివాడే, ఒప్పుకోలేదు. రక్తంలో తడిసి ఎండిన గుడ్డ కుదించుకుపోతుందని అతని వాదన. మరి వేలి సంగతేమిటని ఈయన. వేలి సంగతి పాటలో లేదని ఆయన. ఇద్దరూ కలిసి నా వైపు తిరిగి నువ్వు చెప్పమన్నారు. క్వాట్లాకు చివరి బస్సు ఎన్నింటికో కనుక్కోవాలని బయటికొచ్చాను. లోపల వాదన ఇంకా నడుస్తూనే ఉంది.